గద్వాల పోయిన టీచరమ్మ

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే నాకు ఆవులింతలు వస్తాయి. మా ఆఫీసు పాత రికార్డు గదిలోకి సాయంత్రం నాలుగు దాటితే ఒంటరిగా పోవడానికి అటెండర్లు జంకుతారు. నేను మాత్రం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడికే పోతాను. ఆ గదిలో ఫోన్ సిగ్నల్ రాదు, ఎవరూ ఏ పనీ చెప్పరు. ఇన్నేళ్లలో అక్కడ నన్ను పట్టుకున్నది దుమ్ముదగ్గు ఒక్కటే.

నాగర్‌కర్నూల్‌లో బడుల వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటును. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ముప్పై ఏళ్లుగా పుట్టిన తేదీలు, చేరిన తేదీలు, బదిలీ తేదీలు చూసి చూసి కళ్లు పోయాయి, నడుము పోయింది. మా జిల్లాలో పాతతరం వాళ్లు సగం మంది జూన్ ఒకటినే ఎందుకు పుట్టారో నాకు తెలుసు. కాగితం మీద తప్పు కనిపిస్తే, దాన్ని ఏ గుమస్తా ఏ నిద్రమత్తులో రాసి ఉంటాడో కూడా చెప్పగలను.

అందుకే ఇది చదివి నన్ను జడిపించే మనిషి అనుకోవద్దు. అలసిపోయిన మనిషి అనుకోండి, చాలు.

మా అమ్మ పేరు దేవమ్మ. ఎనభై దాటింది. ఉప్పునుంతల మండలంలో చిన్న చిన్న బడుల్లో టీచరుగా చేసి రిటైరైంది. నాన్న పోయి చాలా కాలమైంది. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మా నేనూ ఒకరి మాత్రలు ఒకరికి గుర్తుచేసుకుంటూ ఒకే ఇంట్లో ఉంటాం.

పోయిన ఎండాకాలం అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కూడా నెలల తరబడి మంచం దిగలేదు. పొద్దున వంట, అమ్మను శుభ్రం చేయడం, పక్కింటి యాదమ్మకు అప్పగించి ఆఫీసు, సాయంత్రం మళ్లీ అదే. ఆ రోజుల్లో నాకు బస్సులో నిలబడి కూడా నిద్ర వచ్చేది.

మంచంలో పడ్డప్పటి నుంచి అమ్మ ఒక్క మనిషి గురించే మాట్లాడేది. రాహేలమ్మ టీచర్.

ఆ పేరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు, తిట్టుగా తెలుసు. వచ్చిన సంబంధమల్లా నేను కాదన్నప్పుడు, "రాహేలమ్మ లెక్క ఒంటిగ బతుకుతవా ఏంది?" అని అమ్మ నా మీద లేచేది. ఎవరైనా మాటిచ్చి తప్పితే "రాహేలమ్మ బుద్ధి" అనేది. ఆ తిట్టు వెనక ఏముందో పూర్తిగా విన్నది మాత్రం అమ్మ మంచంలో పడ్డాకే.

అమ్మ పుట్టిన ఊరు నాగర్‌కర్నూల్‌కు మూడు కోసుల దూరం, అంటే తొమ్మిది కిలోమీటర్ల పైనే. కూలి చేసుకునే కుటుంబం. నిజాం రాజ్యం పోయిన కొత్త రోజులు. అమ్మకు ఆరేళ్లుంటాయేమో, పటేలు ఇంట్లో బర్రెలు కాయడానికి ఏడాది జీతానికి పెట్టడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. రేపు పోవాలనగా ఆ రోజు పొద్దున, నాగర్‌కర్నూల్ ఆడపిల్లల బడి పెద్ద టీచరు రాహేలమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది.

అంతకు కొన్ని నెలల కిందట ఆమె ఒకసారి ఆ ఊరికి వచ్చి అమ్మను చూసింది. బడి తెరిచినప్పుడు నేనే వచ్చి తీసుకుపోతాను, ఇంకెక్కడికీ పంపొద్దు అని మా తాతకు చెప్పిపోయింది. తాత ఆ మాట మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు. ఆ పొద్దున ఆమెను చూశాక తాత మారుమాట్లాడలేదట. పటేలుకు ఏం చెప్పుకోవాలో కూడా ఆలోచించకుండా సరేనన్నాడట.

ఆమె ముందు నడిచింది, అమ్మ వెనక నడిచింది. మూడు కోసులూ నడకే. బడి వరండాలో అమ్మను నిలబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకోమంది. అందింది. ఆ కాలంలో బడి ఈడు వచ్చిందో లేదో అలాగే చూసేవారు. అక్కడి బల్ల మీదున్న పెద్ద పుస్తకంలో పేరు రాసి, ఇక్కడే కూర్చోమని చెప్పి లోపలికి పోయింది. మళ్లీ బయటకు రాలేదు.

కాసేపటికి లోపలి నుంచి ఇంకో టీచరు వచ్చి, నిన్నెవరు తెచ్చారని అడిగింది. పెద్ద టీచరమ్మ అని అమ్మ చెప్పింది. ఆ టీచరు పుస్తకం చూసింది, అమ్మను చూసింది, వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చింది. తన మట్టికాళ్లు, చింపిరి తల చూసి, ఇలాంటి పిల్లను అంటగట్టి పోయిందని ఏడుస్తున్నదని అమ్మ అనుకుంది. తరువాత ఎప్పుడు అడిగినా, పెద్ద టీచరు గద్వాల పోయింది అనే చెప్పారు. కొన్నాళ్లకు అమ్మ అడగడం మానేసింది.

అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒకచోట గొంతు మారేది.

"అందరి ఇండ్లల్ల నీళ్లడిగి తాగేదంట. నన్ను తీస్కపోయిన దినం మా ఇంట్ల మా అవ్వ చెంబుతోటి నీళ్లు తెస్తే అందుకోలే. వాకిట్లకెళ్లి లోపలికి గూడ రాలే. దారిల చెయ్యి పట్టుకోలే. తెచ్చి బడిల పడేసి గద్వాల పోయింది. గద్వాల పిల్లలు ముద్దయిన్రు గావచ్చు. నేనేం జేసిన బిడ్డా?"

ఎనభై ఏళ్ల మనిషి ఆరేళ్ల పిల్లలా అలా అడుగుతుంటే నాకు ఏడుపూ వచ్చేది, విసుగూ వచ్చేది. అప్పటికి ఎన్నోసారో! ఒకరోజు అమ్మే అన్నది: "నువ్వు రికార్డుల మనిషివి గదా. ఆమె ఎందుకు మళ్ల రాలేదో జర చూడు. నేను పోయేలోపల తెలిస్తే మనసు నిమ్మళమైతది."

సరే అన్నాను. నిజం చెప్పాలంటే, అమ్మ ఆ మాట ఆపుతుందని అన్నాను.

ఆ పాత ఆడపిల్లల బడి ఎప్పుడో ఇంకో బడిలో కలిసిపోయింది. దాని రిజిస్టర్లు ఇప్పటి బడి స్టోరు గదిలో, విరిగిన బెంచీల కింద మూటలు కట్టి ఉన్నాయి. ఆఫీసు మనిషిని కాబట్టి తాళం అడిగితే ఇచ్చారు. సెలవు పెట్టి ఒక పూటంతా కూర్చున్నాను. బడి దినచర్య రాసే పుస్తకాలను చెదలు తినేశాయి. అడ్మిషన్ రిజిస్టరు మాత్రం గట్టి అట్ట వల్ల బతికింది.

అమ్మ పేరు దొరికింది. దేవమ్మ, తండ్రి పేరు, ఊరి పేరు. తేదీ నిజాం కాలం నుంచి వస్తున్న ఫసలీ క్యాలెండరు లెక్కలో ఉంది, నెల అమర్దాద్. అంటే మన జూన్ దగ్గర. ఎవరి ద్వారా చేరింది అనే గడిలో నల్లసిరాతో "స్వయముగా వెళ్లి తెచ్చితిని" అని రాసి, రాహేలమ్మ అని సంతకం. సంతకం కింద ఒక గీత, గీత చివర చుక్క. అంతకు ముందు పేజీల్లో కూడా పదుల కొద్దీ అదే మాట, అదే గీత, అదే చుక్క. ఆమె పిల్లల్ని బడికి రమ్మని చెప్పే మనిషి కాదు, పోయి తెచ్చుకునే మనిషి అని అర్థమైంది.

పేజీ మొత్తం ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఇంటికి వచ్చి అమ్మకు చూపిస్తే, తన పేరు మీద వేలు పెట్టి రుద్దింది. ఫోటో జరిగిపోయి పక్కన ఎవరిదో పేరు వచ్చింది. "సూడు, ఆమె రాసిన పేరు గూడ నిలవదు నా దగ్గర" అన్నది. నవ్వుతూనే అన్నదిలెండి.

గద్వాల బదిలీ అయి ఉంటే సర్వీసు పుస్తకంలో ఉండాలి. అది నాగర్‌కర్నూల్‌లో దొరకలేదు. ఆమె ఎక్కువకాలం వనపర్తిలో పనిచేసిందని, అక్కడ ఒక పాత బడి బీరువాలో ఆ కాలపు సర్వీసు పుస్తకాలు కొన్ని ఉన్నాయని తెలిసింది. ఇంకో రోజు సెలవు రాసి పొద్దున్నే బస్సెక్కాను. పుస్తకం దొరికింది గానీ అంతా ఉర్దూ. అదే ఊళ్లో ఉర్దూ చెప్పి రిటైరైన ఒక పెద్దాయనను బడివాళ్లే పిలిపించారు. ఎనభైకి దగ్గరగా ఉంటారు, అందరూ ఉర్దూ సార్ అంటారు. ఆయన చేతిసంచిలో ఒక పాత జంత్రీ కూడా తెచ్చుకున్నారు. ఫసలీ తేదీలు, ఇంగ్లీషు తేదీలు పక్కపక్కన ఉండే పంచాంగం అది.

ఆయన కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టి ఒక్కో గడీ చదివారు. పుట్టిన సంవత్సరం చూసి లెక్కకట్టి, "విక్టోరియా రాణి ఇంగ బతికున్నప్పుడే పుట్టింది బేటీ ఈమె" అన్నారు. తండ్రి పేరు ఉంది. ముందు గద్వాల, తరువాత వనపర్తిలో పదిహేడేళ్లు, చివర నాగర్‌కర్నూల్. సెలవులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. భర్త పేరు రాయాల్సిన చోట అడ్డంగా ఒక గీత.

"సర్కారు అడిగిన ఖానాలల్ల అదొక్కటే ఖాళీ పెట్టింది" అన్నారు ఉర్దూ సార్. నా సర్వీసు పుస్తకంలో కూడా అక్కడ గీతే ఉంది. ఆయనకు చెప్పలేదు.

మధ్యలో ఒక పేజీ దగ్గర ఆయన ఆగి నవ్వారు. "ఇన్‌స్పెక్టర్ సాబ్ జవాబు అడిగిండు. నువ్వు వాడలల్లకు పోయి వాళ్ల ఇండ్లల్ల నీళ్లు తాగుతున్నవ్, బడి ఇజ్జత్ పోతుంది అన్నడు. ఈమె ఒక్క లైనే రాసింది బేటీ. నీళ్లు తాగకపోతే పిల్లను పంపరు, అని."

అది విన్నాక అమ్మ బాధ నాకు చిన్నదిగా అనిపించలేదు. ఇన్‌స్పెక్టరుకు ఎదురుచెప్పి మరీ ప్రతి ఇంట్లో నీళ్లు తాగిన మనిషి, మా అమ్మమ్మ చెంబు ఎందుకు అందుకోలేదు? మా ఇంట్లో తక్కువేముంది? నాకు కూడా కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేమిటని నా మీద నాకే చిరాకు వేసింది.

చివరి పేజీ. జ్వరంతో సెలవు, వైద్యానికి గద్వాల పోవడానికి అనుమతి. కింద ఇంకొక్క లైను. ఉర్దూ సార్ దాన్ని రెండుసార్లు మనసులో చదువుకుని, "ఫౌత్ అయింది" అన్నారు. సెలవులో ఉండగానే గద్వాలలో చనిపోయింది.

నాకు ముందు కలిగింది ఊరట. చనిపోయింది కాబట్టి రాలేదు, అంతే కదా. అమ్మకు చెప్పడానికి ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది? అలవాటు కొద్దీ తేదీ అడిగాను. ఆయన జంత్రీలో చూసి ఇంగ్లీషు తేదీ చెప్పారు. ఫోన్ తీసి అమ్మ అడ్మిషన్ తేదీ చూపించి, అదీ మార్చి చెప్పమన్నాను.

అమ్మ బడిలో చేరింది, రాహేలమ్మ చనిపోయిన పదకొండు రోజుల తరువాత.

"నెల తప్పు చూసినట్టున్నారు సార్" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. జంత్రీ నా ముందుకు తిప్పి, వేలితో చూపిస్తూ మళ్లీ లెక్కపెట్టారు. రెండూ ఒకే నెల, రెండూ అమర్దాద్. తప్పడానికి అక్కడ ఏమీ లేదు. "రాసినోడు తప్పు రాసిండేమో" అన్నారు చివరికి. నేనూ అదే అనుకున్నాను. మా వృత్తిలో మేం దేవుడి కంటే ఎక్కువగా నమ్మేది ఆ మాటనే.

అప్పటికి మధ్యాహ్నం దాటింది. ఇంటికి పోవచ్చు. కానీ ఇంకో సెలవు దొరకదు. ఆమె క్రైస్తవురాలు, గద్వాలలో చనిపోయింది కాబట్టి అక్కడి చర్చిలో సమాధుల పుస్తకం ఉంటుంది. తప్పు ఎక్కడుందో అదే తేల్చేస్తుంది. గద్వాల బస్సెక్కాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుండగా, నిద్ర ఆపుకోవడానికి ఫోన్‌లో ఆ పేజీ ఫోటో మళ్లీ తెరిచాను. మొదటిసారి చూసినప్పుడు అమ్మ పేరొక్కటే చూశాను. ఇప్పుడు పైనా కిందా చూశాను.

అమ్మ పేరుకు పైనున్న ముగ్గురు పిల్లల దగ్గర వేరే చేతిరాత. సంతకం పక్కన "ఇన్‌చార్జి" అని ఉంది. అమ్మ పేరు కింద ఉన్న పిల్లల దగ్గరా అదే రాత, అదే ఇన్‌చార్జి. మధ్యలో అమ్మ ఒక్కతి దగ్గర నల్లసిరా, కింద గీత, గీత చివర చుక్క. అడ్మిషన్ నంబర్లు వరసగా ఉన్నాయి. పైన పేరుదీ కింద పేరుదీ తేదీలు కూడా వరసగానే, అదే వారంలో.

తేదీలు వెనక్కి వేయడం నాకు తెలుసు. లేని పిల్లను ఉన్నట్టు రాయడమూ తెలుసు. ముందే రాసి పెట్టుకున్న పేరైతే పై పేజీల్లో ఉండాలి, దాని నంబరు కూడా వెనకటి నంబరై ఉండాలి. పెద్ద టీచరు సెలవులో ఉన్నప్పుడు ఇన్‌చార్జి రాసుకుంటూ పోతున్న వరసలో ఒక్క గడి మాత్రం ఆమె వచ్చి రాసిపోయినట్టు ఉంది. పట్టపగలు, బస్సు నిండా జనం, పక్క సీటాయన పల్లీలు ఒలుచుకు తింటున్నాడు. ఫోన్ ఆపి సంచి అడుగున పెట్టాను. బస్సు దిగేదాకా ఫోన్ మళ్లీ తెరవలేదు.

గద్వాలలో చర్చి తాళాలు ఉండే సంఘపెద్ద ముసలాయన. నేనెవరో, ఎందుకొచ్చానో చెబితే, బీరువా తెరిచి పాత పుస్తకం ఇచ్చాడు. అది తెలుగులో ఉంది, ఇంగ్లీషు తేదీలు. జంత్రీతో పని లేదు. కుమారి రాహేలమ్మ, ఉపాధ్యాయిని. సర్వీసు పుస్తకంలో ఉన్న రోజుకు మరునాడే సమాధి చేశారు. బంధువులు అన్నచోట "లేరు". అంటే రెండు ఊళ్లలో, రెండు భాషల్లో, రెండు లెక్కల్లో రాసిన ఇద్దరు మనుషులూ ఒకే మాట చెబుతున్నారు.

చివరి గడిలో అప్పటి పాస్టరు సన్నటి అక్షరాలతో ఒక వాక్యం రాశాడు. చివరి దినములలో ఒక పిల్లను తెచ్చెదనని మాట ఇచ్చితిననియు, బండి కట్టుడనియు పలుమార్లు అడుగుచుండెను, అని. ఏ పిల్లో రాయలేదు. ఏ ఊరో రాయలేదు.

ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసుకున్నాను. సంఘపెద్ద నా మొఖం చూసి, "నీకేమైతది బిడ్డా ఆమె?" అని అడిగాడు. మా అమ్మకు టీచరు అన్నాను. సమాధి చూద్దామంటే రాయి లేదన్నాడు. తుమ్మచెట్ల మధ్య మట్టిదిబ్బలు చాలా ఉన్నాయి, ఏది ఎవరిదో ఆయనకూ తెలియదు. గోడ దగ్గర కాసేపు నిలబడి, ఆఖరి బస్సుకు టైమైందని వచ్చేశాను.

మూడు రోజులు అమ్మకు ఏమీ చెప్పలేదు. అలసటగా ఉందన్నాను, అదీ నిజమే. చచ్చిపోయింది కాబట్టి రాలేదు అని చెప్పి తేదీలు దాచేస్తే సరిపోతుంది. అమ్మకు మనసు నిమ్మళమవుతుంది, నాకు పని తప్పుతుంది. కానీ అమ్మ కూడా టీచరే. రిజిస్టర్లు రాసిన మనిషే. ఎప్పుడు చనిపోయింది అని అడగకుండా ఉండదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కాళ్లకు నూనె రాస్తుంటే అమ్మే అడిగింది.

"దొరికింది గదా నీకు. మొఖం జూస్తెనే తెలుస్తున్నది. ఏంది, గద్వాలల లగ్గం గిట్ల జేసుకున్నదా?"

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అన్నీ చెప్పేశాను. ఇన్‌స్పెక్టరుకు ఇచ్చిన జవాబు, జ్వరం, సెలవు, సమాధుల పుస్తకం, ఇన్‌చార్జి సంతకాలు, బండి కట్టమని అడగడం. ఏదీ దాచలేదు. ఏదీ కలపలేదు.

అమ్మ నా చెయ్యి పట్టి నూనె రాయడం ఆపించింది. "నన్ను తెచ్చేటాలకు ఆమె పోయి ఎన్ని దినాలైంది?" అని అడిగింది. పదకొండు అన్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"గందుకే మరి, నీళ్లు ముట్టలే" అన్నది మెల్లగా. "గందుకే ఆ చిన్న టీచరు ఏడ్చింది. నన్ను జూసి గాదు."

ఆ తరువాత అమ్మ మొఖం ముడుచుకుపోయింది. నేను భయపడుతుందేమో అనుకున్నాను. అమ్మకు భయం లేదు.

"ఇన్నేండ్లు తిట్టుకున్న బిడ్డా ఆమెను. నిన్ను తిట్టేటప్పుడు గూడ ఆమె పేరు పెట్టే తిట్టిన. దారిల కాళ్లు నొస్తున్నయంటే నన్ను బండమీద కూసోబెట్టింది. ఆమె కూసోలే. మూడు కోసులు, ఒక్క తాన గూడ కూసోలే. గంత జ్వరంల పోయిన మనిషి, ఎంత అలిసిపోయి ఉంటదో."

అలా అంటూ ఏడ్చింది. ఆపరేషన్ నొప్పికి కూడా ఏడవని మనిషి. నేను నూనెచేతులతోనే పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు తరువాత అమ్మ ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

నేను మాత్రం అడుగుతూనే ఉన్నాను, నన్ను నేనే. ఇన్‌చార్జి టీచరే పెద్ద టీచరు సంతకం పెట్టిందా? పైనా కిందా తన సంతకమే పెట్టుకున్న మనిషి మధ్యలో ఎందుకు పెడుతుంది? ఇంకెవరైనా ఊరికి పోయి తెచ్చారా? తాతా అమ్మమ్మా రాహేలమ్మను ముందే చూసినవాళ్లు, వాకిట్లో నిలబడి మాట్లాడినవాళ్లు. ఆమె చనిపోయిన సంగతి బడిలో పిల్లలకు ఎందుకు చెప్పలేదు? దీనికి మాత్రం నాకో ఊహ ఉంది. చెబితే, మరి నన్ను తెచ్చిందెవరు అని అడిగే ఆ పిల్లకు కూడా జవాబు చెప్పాల్సి వచ్చేది.

ఈమధ్య పాత రిజిస్టర్లు స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఎక్కించే పని మా సెక్షన్‌కు వచ్చింది. ప్రతి పేజీకి ఒక ఫారం ఉంటుంది. తేదీల్లో, సంతకాల్లో తేడాలుంటే రాయాలి, లేకుంటే లేదని రాసి సంతకం పెట్టాలి. నాగర్‌కర్నూల్ ఆడపిల్లల బడి రిజిస్టరు నా బల్ల మీదికే వచ్చింది.

అధికారం లేని మనిషి చేసుకున్న అడ్మిషన్ నిబంధన ప్రకారం చెల్లదు. ఆ లెక్కన మా అమ్మ చదువు చెల్లదు, ట్రైనింగ్ చెల్లదు, ఉద్యోగం చెల్లదు. ఆ ఉద్యోగం అన్నం తిని పెరిగిన నేనూ చెల్లను. ఇలాంటి తేడాలు పట్టుకుని ఎంతమంది ఫైళ్లు వెనక్కి పంపానో నాకే గుర్తులేదు.

ఆ పేజీ ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఫారంలో "తేడా లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ముప్పై ఏళ్ల సర్వీసులో తెలిసి తప్పు రాసింది అదొక్కటే. అది తప్పో కాదో ఇప్పటికీ నేను తేల్చుకోలేకపోతున్నాను.